ఇంట్లో ‘పాలు’.. బడిలో ‘హాలు’!

తెలుగు మాటకు, కన్నడ పాఠానికి నడుమ పావగడ పల్లె పిల్లలు
తొలి రెండేళ్లు గట్టెక్కిస్తే చాలు.. ఆపై తిరుగుండదు

పావగడ: జూన్ మొదట్లో బడి గంట మోగుతుంది. పలకా బలపం పట్టుకుని ఆరేళ్ల పిల్లోడు ఒకటో తరగతిలో కూర్చుంటాడు. పొద్దున లేచినప్పటి నుంచి అమ్మతో, అవ్వతో, ఆఖరికి గడ్డి మేసే ఎనుముతోనూ తెలుగే మాట్లాడి వచ్చినవాడు. టీచరమ్మ ప్రేమగా ‘ఊట మాడిదెయా’ అని అడుగుతుంది. అన్నం తిన్నావా అని ఆమె అడిగిన మాట. పిల్లోడికి ఊట అంటే బావిలో ఊరే నీళ్లు. మాడడమంటే పెనం మీద రొట్టె మాడడం. ఏం చెప్పాలో తెలీక తెల్లమొగం వేస్తాడు.

కాసేపటికి గోల ఎక్కువైతే ‘బాయి ముచ్చు’ అని గద్దింపు. నోరు మూసుకోమని దాని అర్థం. వీడికి బాయి అంటే చేను పక్కనుండే బావి. లెక్కల పాఠంలో ‘కల్లు’ ఎన్ని ఉన్నాయో ఎణించమంటే వెనక బెంచీలో కిసుక్కున నవ్వు. కన్నడంలో కల్లు అంటే రాయి. తెలుగిళ్లలో కల్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ‘మర’ అంటే చెట్టు. ఊళ్లో మర అంటే పిండి పట్టే మర. ‘కూడు’ అంటే కలుపు, అంటే కూడిక చెయ్యి అని. ఇంట్లో కూడు అంటే సంగటి ముద్ద!

వినడానికి తమాషాగా ఉన్నా, ఇది తమాషా కాదు. తాలూకాలోని తెలుగు పల్లెల్లో చాలామంది పిల్లల చదువు ఇక్కడే మొదలవుతుంది. కొందరిది ఇక్కడే తడబడుతుంది. పాఠం రాక కాదు.. మాట తెలీక!

మ్యాపులో అటు.. మాటలో ఇటు

పావగడ పటం చూస్తే విషయం ఇట్టే తెలిసిపోతుంది. పేరుకు తుమకూరు జిల్లా. దాదాపు చుట్టూరా ఆంధ్రప్రదేశ్. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలు ఆనుకుని ఉంటాయి. కర్ణాటక నేలతో కలిపేది పడమటన చిత్రదుర్గ వైపు ఉన్న దారే. సొంత జిల్లా కేంద్రమైన తుమకూరుకు మధుగిరి మీదుగా పోవాలన్నా మధ్యలో ఆంధ్ర నేల తొక్కాల్సిందే. కసబా, నిడగల్లు, వై.ఎన్. హొసకోటె, నాగలమడికె.. నాలుగు హోబళ్లలోనూ సంతలో, పొలంలో, పెళ్లిపందిట్లో తెలుగు మాటే ఎక్కువగా వినిపిస్తుంది. కాగితం మీద మాత్రం కన్నడం. పహణీ కన్నడంలో, రేషను కార్డు కన్నడంలో, బస్సు బోర్డు కన్నడంలో, బడి కన్నడంలో.

ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. రాష్ట్రాలు ఏర్పడక ముందు నుంచీ పావగడ మైసూరు సంస్థానంలోనిది. పక్కనే ఉన్న మడకశిర మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లాలో ఉండేది. 1956లో భాషల వారీగా గీతలు గీసినా, ఏ గీతా మాటను కొలిచినట్టు కోయలేదు. అందుకే ఇటు తెలుగు పల్లెలు కర్ణాటకలో, అటు కన్నడ పల్లెలు ఆంధ్రలో మిగిలాయి. మడకశిర వైపు కన్నడ మీడియం బడులు నడుస్తున్నాయి. అమరాపురం, రొళ్ల, అగళి ప్రాంతాల్లో కన్నడం మాట్లాడే పిల్లలకు తెలుగు ఎంత కొత్తో, ఇక్కడి పిల్లలకు కన్నడం అంతే కొత్త.

దీనికి కరవు తోడైంది. ప్రాంతీయ అసమానతలపై 2002లో నివేదిక ఇచ్చిన డాక్టర్ డి.ఎం. నంజుండప్ప కమిటీ రాష్ట్రంలో 114 తాలూకాలను వెనుకబడినవిగా గుర్తించింది. అందులో 39 అత్యంత వెనుకబడినవి. ఆ 39లో పావగడ ఒకటి. వాన లేదు, చెనక్కాయ పంటను నమ్ముకుంటే అప్పులే మిగలడం, కూలీకి బెంగళూరు పోవడం ఇక్కడ పాత కథ. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, బళసముద్ర, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమైన ఆ పార్కుకు భూమి ఇచ్చిన రైతుకు మొదట్లో ఎకరాకు ఏడాదికి రూ.21 వేల కౌలు. భూమే లేని కూలోడికి కౌలెక్కడిది? వాడి బిడ్డకు ఆస్తి అంటే చదువొక్కటే. ఆ చదువు ఒకటో తరగతిలోనే జారిపోతే మళ్లీ తట్టా పారే గతి.

మొద్దు కాదు.. మాట రాదు!

మూడో తరగతికొచ్చినా పిల్లోడు చదవలేకపోతే ‘వీడికి బుర్ర లేదు’ అని తీర్పు చెప్పేస్తారు. ఇంట్లోనూ అదే మాట. అసలు కారణం వేరేచోట ఉంటుంది. అక్షరం నేర్చుకోవడం ఒక పని. కొత్త భాష నేర్చుకోవడం ఇంకో పని. కన్నడం ఇంట్లో మాట్లాడే పిల్లోడు ఒక్క పనే చేస్తాడు. తెలుగు పిల్లోడు రెండూ ఒకేసారి చేయాలి. ‘మనె’ అన్న రెండక్షరాలు కూడబలుక్కుని చదివితే కన్నడ పిల్లోడికి వెంటనే ఇల్లు కళ్ల ముందు కనిపిస్తుంది. తెలుగు పిల్లోడికి అక్షరాలు పలికినా బొమ్మ కనపడదు. చదివింది అర్థం కాకపోతే చదవడం మీద ఆశ చస్తుంది.

ఇది పావగడ ఒక్కదాని సమస్య కాదు. ప్రపంచంలో పేద దేశాలన్నిట్లో ఉన్నదే. బిడ్డకు మొదటి చదువు తల్లిభాషలోనే మేలని యునెస్కో 1953లోనే నివేదిక ఇచ్చింది. ప్రపంచ జనాభాలో 40 శాతం మందికి తాము మాట్లాడే, అర్థం చేసుకునే భాషలో చదువు అందడం లేదని అదే సంస్థ 2016లో లెక్క చెప్పింది. పేద, మధ్యాదాయ దేశాల్లో 37 శాతం మంది పిల్లలు తమకు బాగా తెలిసిన భాషలో కాక వేరే భాషలో పాఠాలు వింటున్నారని 2021లో ప్రపంచ బ్యాంకు తేల్చింది. బడి కట్టారు, బల్లలు వేశారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. అంతా బాగుంది. మాట మాత్రం అందలేదు.

తెలుగువాళ్లే ఇంకొకరికి ఇలా పరాయివాళ్లయిన చోట్లూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన గూడేల పిల్లలకు తెలుగు పాఠం ఇలాగే కొరుకుడు పడలేదు. అందుకే 2000 తర్వాత అక్కడి ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా.. ఈ 8 భాషల్లో తెలుగు లిపితోనే తొలి తరగతుల పుస్తకాలు తయారుచేయించింది. ముందు సొంత మాటలో చదువు, ఆపై మెల్లగా తెలుగు. తల్లిభాష నుంచి బడిభాషకు వంతెన వేయడమన్నమాట. పావగడకు కావాల్సింది కూడా ఆ వంతెనే.

‘ప’ పోయి ‘హ’ వచ్చె..

గిరిజన పిల్లలతో పోలిస్తే పావగడ పిల్లల అదృష్టం ఒకటుంది. తెలుగూ కన్నడమూ అక్కచెల్లెళ్లు. తేడాలకూ ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పిల్లోడికి చెబితే కొత్త భాష సగం పాత భాషే అయిపోతుంది.

తెలుగులో ‘ప’తో మొదలయ్యే ఎన్నో ఇంటి మాటలు కన్నడంలో ‘హ’తో మొదలవుతాయి. పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది, పువ్వు హూవు, పొట్ట హొట్టె, పల్లె హళ్లి, పొలం హొల, పత్తి హత్తి, పగ్గం హగ్గ. పాత కన్నడంలో ఇవీ ‘ప’ మాటలే. కాలం గడిచేకొద్దీ ‘హ’గా మారాయి. అంటే పిల్లోడు ఇంటి నుంచి తెచ్చిన మాట తప్పు కాదు. ఆ మాటకే పాత రూపం!

ఇంకోటి చూడండి. తెలుగు ‘వ’ చాలాచోట్ల కన్నడంలో ‘బ’ అవుతుంది. వేప బేవు, వేరు బేరు, వెన్న బెణ్ణె, వెల్లుల్లి బెళ్లుళ్లి, వేసవి బేసిగె, విత్తు బిత్తు. చివరన ‘అ’ ఉన్న మాట ‘ఎ’ అవుతుంది. తల తలె, కథ కథె, భాష భాషె, సంఖ్య సంఖ్యె. అంకెల్లో ఐదు, ఆరు రెండు భాషల్లోనూ ఒకటే. మూడు మూరు, ఏడు ఏళు. అన్నిటికీ ఈ సూత్రం పనిచేయదు. పాఠం పాఠమే, పుస్తకం పుస్తకమే. ఇల్లు మనె, వాన మళె. వీటిని విడిగా నేర్పాల్సిందే. ఊట, బాయి, కల్లు, మర, కూడు లాంటి మోసపు మాటలను ముందే చెప్పి నవ్వించేస్తే మళ్లీ జన్మలో మరచిపోరు.

లిపి సంగతి ఇంకా సులువు. రెండూ ఒకే పాత లిపి నుంచి చీలినవి. గ, ద, బ, ర, మ లాంటి అక్షరాలు కొంచెం తలకట్టు తేడాతో ఒక్కలాగే ఉంటాయి. కన్నడ అక్షరాలు గట్టిగా వచ్చినోడికి తెలుగు పేపరు చదవడం పెద్ద పనేమీ కాదు.

ఇందుకు పెద్ద పథకాలు అక్కర్లేదు. తెలుగు వచ్చిన టీచరు చాలు. పాలు చూపించి ‘మీ ఇంట్లో ఏమంటారు? బడిలో దీన్ని హాలు అంటాం’ అని రెండు మాటలూ పలికిస్తే చాలు. మొదటి ఏడాది వివరణ తెలుగులో, పాఠం కన్నడంలో. రెండో ఏడాది తెలుగు తగ్గిస్తూ పోవాలి. మూడో తరగతికి పిల్లోడు కన్నడంలో నిలబడతాడు. ఊరి మనిషైన టీచరు ఉంటే ఈ పని చెప్పకుండానే జరిగిపోతుంది. చిక్కల్లా దూరపు జిల్లా నుంచి వచ్చి తెలుగు ముక్క రాని టీచరు ఒకటో తరగతికి దొరికినప్పుడే. తప్పు ఆ టీచరుది కాదు. ఎవరిని ఏ తరగతికి వేయాలో చూసుకోని పద్ధతిది.

మదనపల్లె నిచ్చెన.. కన్నడ బడిలో

ఇక్కడో విశేషం. కర్ణాటక సర్కారు బడుల్లో చిన్న తరగతులకు నడిచే ‘నలి-కలి’ పద్ధతికి మూలం తెలుగు నేలే. నలి-కలి అంటే సంతోషంగా నేర్చుకో అని. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం కార్డులతో ఒక ‘నిచ్చెన’ తయారుచేశారు. పుస్తకం బదులు బొమ్మల కార్డులు. ఒక్కో కార్డు ఒక్కో మెట్టు. ఎవరి వేగం వారిది. చెనక్కాయ కోతలకు వారం రోజులు బడి మానిన పిల్ల మళ్లీ వచ్చి ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. వెనకబడ్డావని ఎవరూ అనరు. పాటలు, పొడుపు కథలు, ఊరి కథలు అన్నీ అక్కడి మాండలికంలోనే.

మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు 1995లో అక్కడికి వెళ్లి చూశారు. యునిసెఫ్ సాయంతో తమ తాలూకాలో మొదలుపెట్టారు. 2009-10 నుంచి రాష్ట్రమంతా కన్నడ మీడియం సర్కారు ప్రాథమిక బడులకు చేరింది. పల్లె తెలుగులో పుట్టిన పద్ధతి కన్నడం నేర్చుకుని పావగడకు తిరిగొచ్చిందన్నమాట. దాని ప్రాణం మాత్రం ఒక్కటే. పిల్లోడి ఇంటి మాట నుంచి మొదలుపెట్టడం. ఇక్కడ కార్డు మీద ‘హూవు’ బొమ్మ చూపినప్పుడు పిల్ల ‘పువ్వు’ అంటే తప్పని కొట్టేయకుండా, సగం మెట్టు ఎక్కిందని మెచ్చుకోవాలి. అప్పుడే నలి-కలి పేరు సార్థకం.

చట్టం ఏమంటోంది?

తల్లిభాషలో తొలి చదువు కోరడం దయాభిక్ష కాదు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఉంటే ఆ భాష టీచరును ఇవ్వాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచీ ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు తల్లిభాషలో బోధించాలంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అన్నది. సుఖదేవ్ థోరట్ కమిషన్ 2025 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక కూడా ఐదో తరగతి దాకా కన్నడం లేదా తల్లిభాషలో బోధన ఉండాలని చెప్పింది.

అలాగని పావగడ బడులన్నీ తెలుగు మీడియం చేసేయాలా? పల్లెల్లో ఎవరిని కదిపినా సంశయమే. కారణం బతుకుదెరువు. కన్నడం రాకుంటే తాలూకా ఆఫీసులో అర్జీ కూడా రాసుకోలేరు. 2015 నాటి కన్నడ భాషా కలిక చట్టం ప్రకారం రాష్ట్రంలోని ఏ బడిలోనైనా పదో తరగతి దాకా కన్నడం ఒక భాషగా చదవాల్సిందే. కాబట్టి మీడియం మార్పు కన్నా, కన్నడ బడిలోనే తెలుగు ఊతం ఇవ్వడం అందరికీ పనికొచ్చే దారి.

సరిహద్దు దాటితే లాభమా? నష్టమా?

బిడ్డకు కన్నడం కష్టంగా ఉందని హిందూపురం, మడకశిర, అనంతపురం బడుల్లో చేర్చే ఆలోచన కొందరికి వస్తుంది. మాట తెలిసిన చోటు కాబట్టి పిల్లోడు త్వరగా అందుకుంటాడు. దూరం ఆలోచించుకోవాలి. కర్ణాటకలో ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు సీఈటీ ద్వారా సర్కారు కోటా సీటు కావాలంటే, మామూలుగా ఒకటి నుంచి సెకండ్ పీయూసీ లోపు కనీసం 7 ఏళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి. ఎస్సెస్సెల్సీ లేదా సెకండ్ పీయూసీ ఇక్కడే పాసై ఉండాలి. ఒకటో తరగతి నుంచీ ఆవలే చదివించి, తీరా పీయూసీకి తీసుకొస్తే ఈ లెక్క తప్పుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఒకటి నుంచి పదో తరగతి దాకా గ్రామీణ ప్రాంతంలో చదివినవారికి సీఈటీ సీట్లలో 15 శాతం, కన్నడ మీడియంలో చదివినవారికి 5 శాతం కోటా ఉన్నాయి. ఇక్కడ చూసేది చదివిన మీడియమే గానీ ఇంట్లో మాట్లాడే భాష కాదు. నాగలమడికె దగ్గర తెలుగింట పుట్టి, ఊరి కన్నడ బడిలో పదేళ్లు చదివిన అమ్మాయి రెండింటికీ అర్హురాలే. ఏటా వచ్చే నోటిఫికేషన్‌లో నిబంధనలు చూసుకుని, బడి నుంచి సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. ఊరి బడి చదువు లోకువ కాదు. తొలి మెట్టు దగ్గర చెయ్యి పట్టుకునేవారుంటే అదే నిచ్చెన.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

* ప్రతి సర్కారు బడికీ ఎస్డీఎంసీ ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు తెలిసిన టీచరును వేయాలని సమావేశంలో తీర్మానం చేసి హెడ్‌మాస్టరుకు, పావగడ బీఈఓ కార్యాలయానికి ఇవ్వొచ్చు.

* అతిథి ఉపాధ్యాయులను తీసుకునేటప్పుడు రెండు భాషలూ వచ్చిన ఊరి చదువుకున్న అమ్మాయిలను, అబ్బాయిలను ముందు చూడమని అడగొచ్చు.

* అంగన్‌వాడీలో ఉన్నప్పుడే రోజుకు నాలుగు కన్నడ మాటలు ఆటగా నేర్పాలి. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరన్నా చెబితే వినొద్దు. తెలుగు కథ విని అర్థం చేసుకున్న బిడ్డే కన్నడ కథనూ త్వరగా పట్టుకుంటుంది.

* కూలీకి బెంగళూరు పోయేటప్పుడు బిడ్డను వెంట తీసుకుపోక తప్పకుంటే హెడ్‌మాస్టరుకు చెప్పి పోవాలి. తిరిగొచ్చాక వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే. చట్టం ఆ హక్కు ఇచ్చింది.

* నోరు విప్పడం లేదని టీచరు చెబితే ఇంట్లో కొట్టొద్దు. కొత్త భాష పిల్లలు కొన్ని నెలలు వింటారు, ఆ తర్వాతే పలుకుతారు.

మధుగిరి విద్యాజిల్లా అధికారులకూ ఇది భారమైన పనేం కాదు. రెండు భాషల మాటలు పక్కపక్కన వేసిన ఒక చిన్న పుస్తకం, దూరం నుంచి వచ్చే టీచర్లకు జూన్‌కు ముందు వారం రోజుల తెలుగు శిక్షణ.. ఇంతే. పోలీసులకు, బ్యాంకు ఉద్యోగులకు స్థానిక భాష నేర్చుకోమంటున్నప్పుడు ఆరేళ్ల బిడ్డ ముందు నిలబడే టీచరుకు నాలుగు మాటలు నేర్పడం ఎక్కువా?

ఇంటి భాష వేరైతే కన్నడం రాదన్న మాటను కన్నడ సాహిత్యమే ఒప్పుకోదు. జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంట్లో తమిళం. దత్తాత్రేయ బేంద్రె ఇంట్లో మరాఠీ. కన్నడానికి వారిద్దరూ వెలుగులయ్యారు. పక్కనే కంబదూరు ప్రాంతంలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఈ సరిహద్దులో రెండు భాషలు కలిసి బతకడం కొత్త కాదు. ఒకటో తరగతి గదిలో కూడా కలిసి బతకనిస్తే చాలు. ‘పాలు’ అన్న పిల్లోడు నవ్వుతూ ‘హాలు’ కూడా అంటాడు. ఆ తర్వాత వాడిని ఆపేవారుండరు.